కాంపాక్ట్ పిస్టల్ కొనేముందు బారెల్ కాదు, పిడి చూడండి

దుకాణంలో గాజు బల్ల ముందు నిలబడితే కన్ను ముందుగా అన్నిటికన్నా చిన్న పిస్టల్ మీదికే పోతుంది. అరచేతిలో ఇమిడిపోతుంది, బరువు తెలియదు, చొక్కా కింద కనపడదు. అదే కొంటారు. మొదటి 50 రౌండ్ల (తూటాల) పెట్టె అయ్యేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కందిపోతుంది. గుళ్లు కాగితం మీద ఎక్కడపడితే అక్కడ పడతాయి. మళ్లీ రేంజ్‌కు, అంటే కాల్చడం సాధన చేసే చోటికి, వెళ్లబుద్ధి కాదు. అమెరికాలో మొదటి పిస్టల్ కొనేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇది.

నడుముకు పెట్టుకోవడానికీ, నెలనెలా రేంజ్‌లో కాల్చడానికీ ఒకే పిస్టల్ కావాలనుకుంటే, మీ బట్టల కింద దాగగలిగినంతలో అన్నిటికన్నా పొడవైన పిడి ఉన్నదాన్ని కొనండి. బారెల్ పొడవు గురించి అంత ఆలోచన అక్కర్లేదు. బారెల్ (గొట్టం), దాని మీద వెనక్కీ ముందుకీ జరిగే స్లైడ్ ప్యాంటు లోపలికి దిగిపోతాయి. వాటి పొడవు మూడంగుళాలా నాలుగంగుళాలా అన్నది బయటివాళ్లకు తెలియదు. పిడి మాత్రం బెల్టుకు పైన ఉంటుంది, వెనక్కి పొడుచుకొస్తుంది, వంగినప్పుడు చొక్కాను పైకి లేపుతుంది. దాగనిది పిడి. అయితే చేతికి పట్టు దొరికేదీ ఆ పిడిలోనే. కొనుగోలు మొత్తం ఈ రెండిటి మధ్య బేరమే.

ముందు కాగితాల సంగతి

ఇది అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు ముఖ్యం కాబట్టి ముందే చెబుతున్నాను. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చినా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. "సరదాగా ఒక్కసారి" అని స్నేహితుడి పిస్టల్ అందుకోవడం కూడా అంతే. అక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. కానీ ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా దాని మీద ఆధారపడి అడుగు వేయకండి. పోయేది కేసు ఒక్కటే కాదు, గ్రీన్ కార్డ్ దారి కూడా.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు, పౌరులు కొనవచ్చు. లైసెన్సున్న డీలర్ దగ్గర పిస్టల్ కొనడానికి 21 ఏళ్లు నిండాలి. 4473 ఫారం నింపాలి, నేపథ్య తనిఖీ జరుగుతుంది. గ్రీన్ కార్డ్ వాళ్లు ఏలియన్ నంబరు దగ్గర పెట్టుకోవాలి. ఒకరి కోసం ఇంకొకరు తమ పేరు మీద కొనడం, అంటే తమ్ముడు హెచ్-1బీలో ఉన్నాడని అన్న కొని ఇవ్వడం, నేరం. ఇంట్లో అలాంటి వీసా మీద ఉన్నవాళ్లు గానీ, చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు గానీ ఉంటే సేఫ్ కోడ్ వాళ్లకు తెలియనివ్వకండి. తాళం చేతిలో ఉంటే తుపాకీ చేతిలో ఉన్నట్టే అని చట్టం వాదించగలదు.

రాష్ట్రం మారితే నియమాలు మారతాయి. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, చట్టపరమైన అడ్డంకి లేని 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సు లేకుండానే పెట్టుకుని తిరగవచ్చు. అయినా అక్కడి ఎల్‌టీసీ (పెట్టుకుని తిరిగే లైసెన్సు) తీసుకోమనే చెబుతాను. లైసెన్సును గుర్తించే ఇతర రాష్ట్రాలకు వెళ్లినప్పుడు పనికొస్తుంది. బడి ఆవరణకు 1000 అడుగుల లోపు ఫెడరల్ నిషేధం నుంచి, ఇచ్చిన రాష్ట్రంలో, రక్షణ ఇస్తుంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో తూటాలు నింపే మ్యాగజైన్‌లో 10 రౌండ్లకు మించకూడదు. కాలిఫోర్నియాలో డీలర్లు రాష్ట్రం ఆమోదించిన జాబితాలోని పిస్టళ్లనే కొత్తగా అమ్మగలరు. న్యూజెర్సీలో కొనడానికి ఒక పర్మిట్, పెట్టుకు తిరగడానికి ఇంకొకటి. కొనలో గుంట ఉండి తగిలాక విచ్చుకునే హాలో పాయింట్ గుళ్ల మీద కూడా అక్కడ వేరే నియమాలున్నాయి. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్నవాళ్లు టెక్సస్ ఫ్రిస్కోలో ఉన్న బంధువు మాట పట్టుకుని కొనకూడదు. పోస్టాఫీసు, ఫెడరల్ కార్యాలయం ఎక్కడైనా నిషేధమే. టెక్సస్‌లో గుడి, ఫంక్షన్ హాలు, రెస్టారెంట్ తలుపు మీద లైసెన్సున్నవాళ్లు కూడా పిస్టల్ దాచుకుని రాకూడదనే 30.06 బోర్డు ఉందేమో, బార్‌లో తుపాకీ నిషేధమనే ఎర్రని 51% బోర్డు ఉందేమో చూడటం అలవాటు చేసుకోండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. ఇక్కడ చెప్పే పిస్టళ్ల తూటా 9 ఎంఎం మన దేశంలో ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు పౌరులకు నిషిద్ధం. లైసెన్సున్న పౌరుడికి ప్రభుత్వ ఫ్యాక్టరీల .32 బోర్ పిస్టల్, రివాల్వర్ లాంటివే దొరుకుతాయి. కింద చెప్పే మోడళ్లు అక్కడికి వర్తించవు. చేతి పట్టు, హోల్‌స్టర్ (పిస్టల్ ఒర), భద్రత గురించి చెప్పేవి మాత్రం ఎక్కడైనా ఒకటే.

పిడి, బరువు, చెయ్యి

పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 2018లో వచ్చిన సిగ్ పీ365 ఎత్తు 4.3 అంగుళాలు, బారెల్ 3.1 అంగుళాలు, 10 రౌండ్లు. చాలా చేతులకు చిటికెనవేలు పిడి కిందికి జారిపోతుంది. మరుసటి ఏడాది వచ్చిన పీ365 ఎక్స్‌ఎల్ ఎత్తు 4.8, బారెల్ 3.7, 12 రౌండ్లు. మందం దాదాపు అంతే. అరంగుళం పెరిగేసరికి మూడు వేళ్లూ పిడి మీద కూర్చుంటాయి. గ్లాక్ 19, 43ఎక్స్, 48 మూడిటి ఎత్తూ 5.04 అంగుళాలే. గ్లాక్ 19 మందం 1.34 అంగుళాలు, 43ఎక్స్ మందం 1.1. అంటే 43ఎక్స్‌కూ 48కీ తేడా ముందుభాగంలోనే: ఒకదాని బారెల్ 3.41, ఇంకొకదానిది 4.17. దాచడంలో ఆ తేడా ఏమీ కాదు. పైగా పొడవున్నదే మేలు. కిందికి దిగిన భాగం తొడ మొదలుకు ఆనుకుంటుంది కాబట్టి పైనున్న పిడి పొట్టవైపు ఒరుగుతుంది. పొట్టి ఒర నడుము దగ్గర ఊగిసలాడితే, పొడుగు ఒర కుదురుగా నిలిచినట్టు.

బరువు సంగతి. 115 గ్రెయిన్ల 9 ఎంఎం గుండు సుమారు 7.5 గ్రాములుంటుంది, సెకనుకు దాదాపు 350 మీటర్ల వేగంతో బయటికి పోతుంది. ముందుకు ఎంత ఊపో వెనక్కీ అంతే. ఆ ఊపు తేలిక పిస్టల్ మీద పడితే వెనక్కి తన్నే శక్తి ఎక్కువ. గ్లాక్ 19 ఖాళీ బరువు సుమారు 670 గ్రాములు, పీ365ది సుమారు 505. ఈ ఖాళీ బరువుల లెక్కన చిన్నది మూడో వంతు ఎక్కువ శక్తితో తంతుంది. దానికి తోడు పట్టు రెండు వేళ్లతోనే. ఒకటికి ఒకటి తోడైతే గుండు గుండుకీ పట్టు సర్దుకోవలసి వస్తుంది. చిన్న పిస్టల్‌తో గురి కుదరకపోవడానికి బారెల్ పొట్టిదనం కారణం కాదు. ఏడు గజాల దూరంలో మూడంగుళాల బారెల్ కూడా మనిషి కాల్చగలిగినదానికన్నా సూటిగానే కాలుస్తుంది. పట్టు కదలడమే కారణం. గురి చూడటానికి ముందూ వెనకా ఉండే రెండు సైట్ల మధ్య దూరం తగ్గడం వల్ల చిన్న పొరపాటు కంటికి ఆనకపోవడం రెండోది.

చేతికి సరిపోతుందో లేదో ఇలా చూడండి. ముందు దుకాణంవాళ్ల చేత స్లైడ్ వెనక్కి లాగించి, మ్యాగజైన్ తీయించి, చాంబర్ (కాల్చబోయే తూటా ఉండే చోటు) ఖాళీ అని మీ కంటితో, వేలితో తెలుసుకోండి. బొటనవేలు, చూపుడువేలు కలిసే చోటు పిడి వెనకభాగంలో ఎంత పైకి పోతే అంత పైకి పోనివ్వండి. బారెల్ మీ ముంజేయి ఎముక వరుసలో ఉండాలి. ఆ పట్టు చెదరకుండా చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మధ్యకు ఆనాలి. వేలికొస మాత్రమే అందితే పిడి మీకు లావు. కణుపు మడత దాటి పోతే పిడి సన్నం. లావున్నదాన్ని చెయ్యి తిప్పి అందుకోవడం మొదలుపెడితే, దెబ్బ బొటనవేలి కీలు మీద పడుతుంది. వెనకపట్టీ మార్చుకునే మోడళ్లు ఉన్నాయి, పట్టీలు మార్చి చూపించమని అడగండి.

స్లైడ్ లాగలేకపోతున్నామని చాలామంది ఆడవాళ్లు, పెద్దవాళ్లు వెనక్కి తగ్గుతారు. అది తరచుగా బలం సమస్య కాదు, పద్ధతి సమస్య. పిస్టల్‌ను ఛాతీకి దగ్గరగా, మూతి సురక్షితమైన దిక్కునే ఉంచి, ఎడమ అరచేత్తో స్లైడ్‌ను పైనుంచి గట్టిగా పట్టుకుని, కుడి చేత్తో పిడిని ముందుకు తొయ్యాలి. లాగడం కన్నా తొయ్యడం తేలిక. అయినా కుదరకపోతే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ ఉంది, స్లైడ్ తేలిక కావడం కోసమే చేసింది. 2020 మార్చి నుంచి అక్టోబర్ వరకు తయారైన 9 ఎంఎం ఈజెడ్‌లను హ్యామర్ లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిచింది. పాతది కొంటుంటే సీరియల్ నంబరును కంపెనీ దగ్గర సరిచూసుకోండి.

ఏ తూటా, ఏ మోడల్

9 ఎంఎం. దీని మీద ఎక్కువ మాటలు అనవసరం. ఎక్కడైనా దొరుకుతుంది, రేంజ్ తూటా చవక, ఆత్మరక్షణ గుండు పనితనం బాగుంది. అంతకన్నా చిన్న తూటా .380 ఏసీపీ తక్కువ తంతుందని చెబుతారు. పిస్టల్ పరిమాణం ఒకటే అయితే అది నిజం. కానీ .380ని తరచు జేబు పిస్టళ్లలోనే పెడతారు కాబట్టి వాటి తన్ను చేతికి ఇంకా కటువుగా తగులుతుంది. పైగా తూటా ఖరీదు 9 ఎంఎం కన్నా ఎక్కువ. ఐదు రౌండ్ల పొట్టి .38 రివాల్వర్ జేబులో బాగా ఇముడుతుంది, నమ్మకమైనదే. అయితే 12 పౌండ్ల దగ్గర ఉండే దాని ట్రిగ్గర్‌తో సూటిగా కాల్చడానికి ఏళ్ల సాధన కావాలి. మొదటి పిస్టల్‌గా దాన్ని చెప్పను.

పైన అన్న కొలతల ప్రకారం నేను ముందుగా చూడమనేవి పీ365 ఎక్స్‌ఎల్, గ్లాక్ 48 లేదా 43ఎక్స్, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్, స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్ ప్రో. హెల్‌క్యాట్ ప్రో 3.7 అంగుళాల బారెల్‌తో 15 రౌండ్లు పడుతుంది. షీల్డ్ ప్లస్ ట్రిగ్గర్ వీటిలో తేలిగ్గా అలవాటవుతుంది. ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లు, వదులు చొక్కాలు వేసేవాళ్లు నేరుగా గ్లాక్ 19కో సీజెడ్ పీ-10 సీకో వెళ్లవచ్చు. రేంజ్‌లో 200 రౌండ్లు కాల్చినా చెయ్యి నొప్పి పుట్టదు, విడిభాగాలు, హోల్‌స్టర్లు ఏ మూలైనా దొరుకుతాయి. వీటిలో ఏది కొన్నా తప్పు కాదు. చేతికి ఏది నప్పిందో అదే.

బయట ఉండే సేఫ్టీ మీట కావాలా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఉంటే మంచిదే, కానీ తీయడం ప్రతి సాధనలోనూ చెయ్యాలి, పదిసార్లలో పదిసార్లూ బొటనవేలు దానంతట అది కిందికి వెళ్లాలి. అంత సాధన చెయ్యనివాళ్లకు మీట లేని పిస్టల్, గట్టి హోల్‌స్టర్ మేలు.

అద్దె రేంజ్‌లో పరీక్ష

కొనేముందు కనీసం మూడు పిస్టళ్లు అద్దెకు తీసుకుని కాల్చండి. ఒక్కోదానికి 50 రౌండ్ల పెట్టె చాలు. ఒకే తూటా, ఒకే దూరం. ఒక పిస్టల్‌తో 50 పూర్తి చేసి రెండోదానికి పోతే చివరిదానికి అన్యాయం జరుగుతుంది, అప్పటికి చెయ్యి అలసిపోతుంది. మొదటి విడత ఒక్కోదానితో 25 కాల్చి, రెండో విడత వరస తిప్పి మిగతా 25 కాల్చండి.

ఏడు గజాల దగ్గర, అంటే 6.4 మీటర్లు, మూడు బై అయిదు అంగుళాల కార్డు మీద నెమ్మదిగా ఐదు గుళ్లు. తర్వాత ఆరంగుళాల వృత్తం మీద ఐదు సెకన్లలో ఐదు గుళ్లు, రేంజ్ నియమాలు ఒప్పుకుంటేనే. రెండో పరీక్షే అసలైనది. నెమ్మదిగా ఏదైనా సూటిగానే కాలుతుంది. వేగం పెంచినప్పుడు గుళ్లు వృత్తంలోనే ఉంచిన పిస్టల్ మీది. ప్రతి కాగితం మీద పిస్టల్ పేరు రాసి ఇంటికి తెచ్చుకోండి. దుకాణంలో మాటల మధ్య జ్ఞాపకం మోసం చేస్తుంది, కాగితం చెయ్యదు.

కుడిచేతివాళ్ల గుళ్లన్నీ ఎడమవైపు కిందికి పోతుంటే సైట్లు మార్చమని అడగకండి. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు మిగతా వేళ్లు కూడా బిగుసుకోవడం, తన్ను రాకముందే మణికట్టు కిందికి నెట్టడం దీనికి కారణాలు. పక్కవాళ్లను మీకు తెలియకుండా మ్యాగజైన్‌లో ఎనిమిదింటికి రెండు డమ్మీ (పేలని) రౌండ్లు కలిపి నింపమనండి. డమ్మీ వచ్చినప్పుడు మూతి కిందికి దూకితే జబ్బు బయటపడినట్టే. మందు కూడా అదే పద్ధతి, దూకడం ఆగేదాకా.

హోల్‌స్టర్, బెల్టు: అసలు ఖర్చు పెట్టవలసిన చోటు

పిస్టల్‌కు ఐదారు వందల డాలర్లు పోసి, హోల్‌స్టర్‌కు ఇరవై డాలర్లు చాలంటారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. మీ మోడల్‌కు మాత్రమే పోతపోసిన కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్ కావాలి. ట్రిగ్గర్ గార్డును రెండు పక్కలా పూర్తిగా కప్పాలి, బయటినుంచి ఏ వేలూ, ఏ గుడ్డా లోపలికి దూరకూడదు. పిస్టల్ తీశాక నోరు మూసుకుపోకూడదు. మెత్తటి తోలు, గుడ్డ హోల్‌స్టర్ల నోరు ముడుచుకుంటుంది. తిరిగి పెట్టేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్‌ను నొక్కగలదు. తలకిందులు చేసి విదిలించినా ఖాళీ పిస్టల్ జారిపడకూడదు, అది బిగువుకు పరీక్ష. మరలు నీలం లోక్‌టైట్ (మరల జిగురు)తో బిగించండి, లేకపోతే నెల తిరగకుండా వదులవుతాయి.

పెట్టుకునే చోట్లు రెండు. కుడి తుంటి వెనక, గడియారంలో నాలుగు గంటల దగ్గర. లేదా ముందు బొడ్డుకు కుడిపక్కన, ఒంటిగంట దగ్గర. వెనక పెట్టుకుంటే కారులో కూర్చోవడం సుఖం, వంగితే మాత్రం పిడి బయటపడుతుంది. ముందు పెట్టుకుంటే బాగా దాగుతుంది, త్వరగా అందుతుంది. కానీ మూతి తొడ రక్తనాళం వైపు చూస్తుంటుంది. కొత్తవాళ్లకు మొదటి ఆరునెలలూ వెనకే చెబుతాను. ముందు పెట్టుకునేవాళ్లు హోల్‌స్టర్ పక్కన రెక్కలాంటి ముక్క, కింద నురుగు దిండు ఉన్నవి తీసుకోండి. రెక్క బెల్టుకు ఆని పిడిని పొట్టలోకి తిప్పుతుంది, దిండు అడుగును బయటికి నెట్టి పిడిని లోపలికి వంచుతుంది. పొట్ట ఉన్నవాళ్లకు దిండు చాలా తేడా చూపిస్తుంది.

బెల్టు అంగుళంన్నర వెడల్పు, గట్టిది కావాలి. మామూలు ఆఫీసు బెల్టు కిలోకు దగ్గరగా ఉన్న బరువుకు పక్కకు తిరిగిపోతుంది, పిడి బయటికి ఒరుగుతుంది. పిస్టల్ దాగడం లేదని చిన్నది కొనేవాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది మంచి బెల్టే. ప్యాంటు నడుము ఒక సైజు పెంచి కొనండి.

తిరిగి పెట్టేటప్పుడు తొందరపడొద్దు. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా, ఫ్రేమ్ మీద చాచి ఉండాలి. రెండో చేత్తో చొక్కా పూర్తిగా ఎత్తిపట్టుకుని, హోల్‌స్టర్ లోపల ఏమీ లేదని కళ్లతో చూసి, నెమ్మదిగా దించండి. ఏదైనా అడ్డుపడినట్టు అనిపిస్తే నెట్టకండి, బయటికి తీసి చూడండి. చొక్కా తాడు, జాకెట్ జిప్పు కొస ట్రిగ్గర్ గార్డులో ఇరుక్కుని పేలిన సందర్భాలు ఇలాంటప్పుడే జరుగుతాయి. ఇంటికొస్తే పిస్టల్‌ను హోల్‌స్టర్‌తో సహా తీసి సేఫ్‌లో పెట్టండి, విడిగా తీయనే వద్దు.

మన బట్టల గురించి కూడా చెప్పాలి. లాల్చీ, కుర్తా కన్నా బాగా దాచే వస్త్రం ఇంకోటి లేదు. కింద జీన్స్, గట్టి బెల్టు ఉంటే గ్లాక్ 19 కూడా తెలియదు. అయితే లాల్చీ మోకాళ్లదాకా ఉంటుంది, తీయాలంటే ముందు అంతా పోగుచేసి ఎత్తాలి. ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో ఆ లాల్చీ మీదే సాధన చెయ్యాలి. పంచె, బొందు పైజామా హోల్‌స్టర్‌ను మొయ్యవు, అలాంటి రోజు పిస్టల్ సేఫ్‌లో ఉండటమే సరి. చీర కుచ్చిళ్ల దగ్గర పెట్టుకోవడం అసలు ఆలోచించవద్దు. చుడీదార్ కింద కట్టుకునే నడుంపట్టీలు ఉన్నాయి, వాటిలో ట్రిగ్గర్‌ను కప్పే గట్టి కైడెక్స్ తొడుగు ఉన్నదే తీసుకోవాలి. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. పెళ్లిలో బ్యాగు కుర్చీ మీద పెట్టి భోజనానికి లేస్తాం, పిల్లలు చాక్లెట్ కోసం అదే బ్యాగు వెతుకుతారు.

తూటాలు, అవి పాడయ్యే తీరు

రేంజ్‌కు 115 లేదా 124 గ్రెయిన్ల మామూలు ఎఫ్‌ఎంజే (గుండు చుట్టూ లోహపు పొర ఉన్నది). నడుముకు హాలో పాయింట్, రాష్ట్రం ఒప్పుకున్నచోట. ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ, స్పీర్ గోల్డ్ డాట్ లాంటివి అమెరికా పోలీసు విభాగాలు వాడేవే. ఎఫ్‌బీఐ పరీక్షలో కండను పోలిన జెల్‌లోకి 12 నుంచి 18 అంగుళాల లోతు పోవాలి. ఎఫ్‌ఎంజే ఎదుటి వస్తువును దాటిపోయి వెనకున్నవాళ్లకు తగిలే అవకాశం ఎక్కువ, దాన్ని నడుముకు వద్దనడం అందుకే. పొట్టి బారెల్‌లో వేగం తగ్గి హాలో పాయింట్ విచ్చుకోకపోవచ్చు. మూడంగుళాల బారెల్ ఉన్నవాళ్లు పొట్టి బారెళ్ల కోసం చేసిన రకం చూడండి.

కొత్త పిస్టల్‌ను నమ్మేముందు 200 రేంజ్ రౌండ్లు, ఆ తర్వాత మీరు పెట్టుకోదలచిన హాలో పాయింట్ 50 రౌండ్లు, ఉన్న అన్ని మ్యాగజైన్లతోనూ కాల్చండి. మ్యాగజైన్ అడుగున 1, 2, 3 అని రాసుకోండి. జామ్ ఎప్పుడూ రెండో నంబరుతోనే వస్తుంటే దోషం పిస్టల్‌ది కాదు.

చాలామంది గమనించనిది ఒకటుంది. రోజూ రాత్రి చాంబర్ ఖాళీ చేసి, పొద్దున్న అదే తూటాను మళ్లీ ఎక్కిస్తారు. ఎక్కించిన ప్రతిసారీ గుండు కొన ఫీడ్ ర్యాంపుకు (చాంబర్‌లోకి దారితీసే వాలుకు) కొట్టుకుని కాస్త కాస్తగా తూటా వెనకున్న లోహపు తొడుగులోకి దిగిపోతుంది. లోపల చోటు తగ్గితే పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడండి, పొట్టిగా కనపడితే కాల్చవద్దు, పక్కన పెట్టేయండి. అసలు రోజూ దించడం ఎందుకు? నింపినదాన్ని హోల్‌స్టర్‌తోనే సేఫ్‌లో పెడితే ఈ గొడవే ఉండదు.

జామ్‌లు ఎందుకు వస్తాయి

తేలిక పిస్టళ్లలో మొదటి కారణం వదులు మణికట్టు. స్లైడ్ వెనక్కి పోవాలంటే ఫ్రేమ్ నిలిచి ఉండాలి. ఫ్రేమ్ కూడా దాంతోపాటే వెనక్కి పోతే స్లైడ్ పూర్తి దూరం పోదు, ఖాళీ తొడుగు బయటికి రాలేక పొగగొట్టంలా నిలబడి ఇరుక్కుంటుంది. చివరి గుండు తర్వాత స్లైడ్ వెనక ఆగకపోతే మీ బొటనవేలు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ను వెనక ఆపే మీట) మీద ఉందేమో చూడండి, చిన్న పిస్టళ్లలో ఇది మామూలు. స్లైడ్‌ను చేత్తో పట్టుకుని నెమ్మదిగా ముందుకు వదిలితే పూర్తిగా మూసుకోదు, దాన్ని లాగి ఒక్కసారిగా వదిలెయ్యాలి.

నొక్కితే టిక్కుమని పేలకపోతే రేంజ్‌లో ముందు మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలు అరుదుగా ఉంటాయి. తర్వాత మ్యాగజైన్ అడుగు తట్టి, స్లైడ్ లాగి వదలండి. రెండు తూటాలు ఒకేసారి చాంబర్ దగ్గర ఇరుక్కుంటే స్లైడ్‌ను వెనక లాక్ చేసి, మ్యాగజైన్ పీకేసి, మూడుసార్లు లాగి, చాంబర్ చూసి, కొత్త మ్యాగజైన్ పెట్టండి. అన్నిటికన్నా భయపడవలసింది మామూలు మోత బదులు ‘టప్’ అని నీరసమైన శబ్దం రావడం. గుండు బారెల్‌లోనే ఆగిపోయి ఉండవచ్చు. దాని వెనక ఇంకొకటి కాలిస్తే బారెల్ పగులుతుంది. అక్కడికక్కడే ఆపి, దించి, బారెల్ లోపల చూపించండి.

రెడ్ డాట్ (ఎర్రచుక్కతో గురి చూపించే చిన్న అద్దపు సైట్) గురించి క్లుప్తంగా: కళ్లద్దాలు వచ్చిన వయసువాళ్లకు బాగా ఉపయోగం, దృష్టి లక్ష్యం మీదే ఉంచవచ్చు. కొనేటప్పుడే డాట్ పెట్టుకునేలా కోసిన స్లైడ్ తీసుకోండి. సన్న పిస్టళ్లకూ లావు పిస్టళ్లకూ డాట్ అడుగు కొలతలు వేరు, చూసుకోకుండా కొంటే బిగవదు. బ్యాటరీని పుట్టినరోజునాడో ఉగాదినాడో ఏటా మార్చే అలవాటు పెట్టుకోండి.

ఇంట్లో

విప్పి శుభ్రం చేసేముందు తూటాలన్నీ వేరే గదిలో ఉండాలి. గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాలి. చాంబర్ చూడకుండా నొక్కినవాళ్ల వల్లే ఆ పిస్టల్‌కు చెడ్డపేరు. పీ365కు ఆ అవసరం లేదు, మీట తిప్పితే చాలు. నూనె నాలుగైదు చుక్కలు మించి వెయ్యకండి. స్లైడ్‌ను తిరిగి ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగ్ చిన్న పిస్టళ్లలో పెద్దవాటికన్నా త్వరగా అరుగుతుంది, ఎన్ని రౌండ్లకు మార్చాలో మాన్యువల్ చూసి, కాల్చిన లెక్క పుస్తకంలో రాసుకోండి.

రేంజ్‌లో గాలిలోనూ చేతుల మీదా సీసం ఉంటుంది. చన్నీళ్లతో, సబ్బుతో మోచేతులదాకా కడుక్కోకుండా ఏమీ తినొద్దు, పసిపిల్లలను ఎత్తుకోవద్దు. బట్టలు విడిగా ఉతకండి, చెప్పులు గడప బయటే. లోపలి రేంజ్‌లో చెవిలో పెట్టుకునే బిళ్లలు, వాటిమీద మఫ్‌లు రెండూ వాడండి. పోయిన వినికిడి తిరిగిరాదు.

పిల్లలున్న ఇంట్లో అలమర పైఅర దాచినట్టు కాదు. బటన్లు నొక్కి తెరిచే మెకానికల్ సేఫ్‌ను గోడకో మంచానికో బోల్టులతో బిగించండి. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి నింపిన తుపాకీ అందేలా వదిలేస్తే నేరం.

ఇక రేంజ్ బ్యాగును ప్రయాణాలకు వాడకండి. హైదరాబాద్ వెళ్లేటప్పుడు దాన్నే క్యాబిన్ బ్యాగుగా తీసుకెళితే, కుట్టు సందులో మిగిలిన ఒక్క తూటా చాలు, విమానాశ్రయ తనిఖీలో ఆయుధాల చట్టం కింద కేసు పడటానికి. తెలియక ఉండిపోయిందని కోర్టులో నిరూపించుకోవచ్చు, కానీ ఆలోగా సెలవు అయిపోతుంది, పాస్‌పోర్టు చిక్కులు మొదలవుతాయి. రేంజ్‌కు ఎర్ర బ్యాగు ఒకటి కొని, దాన్ని గ్యారేజీ దాటి ఇంట్లోకి రానివ్వకండి.